గోటితో గీకేసిన ధర చీటీలు

ఈ వారం ఉత్తరం రాసిన పాఠకుడికి 43 ఏళ్లు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు, 11 ఏళ్ల పాప. ఇంట్లో వంట చాలావరకు ఆయనదే, అదీ ఇష్టంగా. రెండేళ్ల క్రితం ఆఫీసు నుంచి ఇంటికి వచ్చే దారిలో ఖరీదైన సరుకుల దుకాణం ఒకటి తెరిచారు. మొదట్లో నెలకోసారి వెళ్లేవారు, ఇప్పుడు వారానికి రెండుసార్లు వెళ్తున్నారు. "ఒక్క చీజ్ ముక్క కోసమని లోపలికి వెళ్తాను. బయటికి వచ్చేసరికి రెండు చేతులకీ రెండు సంచులుంటాయి" అని రాశారు. ఆరు నెలల బిల్లులు కూడి చూస్తే, ఇంటిల్లిపాది నెల సరుకులకు ఎంతవుతుందో అంత మొత్తం ప్రతి నెలా ఆ ఒక్క దుకాణంలోనే ఖర్చయిందట. ఇంటి పైకప్పు మరమ్మతుకని దాచుకున్న డబ్బులో మూడో వంతు అలాగే కరిగిపోయింది. రెండు నెలలుగా క్రెడిట్ కార్డు బిల్లు పూర్తిగా కట్టలేక కనీస మొత్తంతో సరిపెడుతున్నారు. భార్యకు ఇవేవీ తెలియవు.

ఒక ఆదివారం ఆమె ఇంట్లో లేనప్పుడు అల్మరా తలుపు తీసి లెక్కపెట్టారు. సీసాలు, డబ్బాలు కలిపి 31. వాటిలో 19 మూత తీయనివి. కుంకుమపువ్వు డబ్బాలు మూడు. మరచిపోయి మళ్లీ కొన్నవి కావు, ఇంట్లో ఉందని తెలిసీ కొన్నవి. ట్రఫుల్ అనే పుట్టగొడుగు వాసన ఉన్న నూనె, ద్రాక్షతో చేసే బాల్సమిక్ వెనిగర్లు రెండు, అక్రోటు నూనె, నాలుగు రకాల ఉప్పు.

ఆయన చేత ఉత్తరం రాయించింది మాత్రం ఈ లెక్క కాదు. కారు ఆపాక, ఇంట్లోకి అడుగుపెట్టే ముందు, లోపలి దీపం వేసుకుని సీసాల మీది ధర చీటీలను గోటితో గీకేయడం ఆయనకు అలవాటు. మొన్న పాప వెనక సీట్లో ఉంది. కాసేపు చూసి, "అమ్మకు చెప్పకూడదా నాన్నా?" అని అడిగింది. "వద్దులే తల్లీ" అన్నారు. పాప తలూపి, సంచిలోంచి ఇంకో సీసా తీసుకుని తన గోటితో గీకడం మొదలుపెట్టింది.

"అప్పు చేసి పప్పుకూడు అని మా నాన్న ఎవరినో ఒకరిని తిడుతూ ఉండేవారు. ఆ మాట ఇప్పుడు నాకే తగులుతోంది. నేను తిండిపోతునా, అబద్ధాలకోరునా? ఆ దుకాణం వైపు వెళ్లడం మానేయాలా? ఏదో ఒకటి చెప్పండి."

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదట మీ నాన్నగారి సామెత సంగతి. అది మీకు సగమే వర్తిస్తుంది. పప్పుకూడు తినడానికి అప్పు చేసినవాడు కనీసం తిన్నాడు. మీరు 19 సీసాలకు మూతే తీయలేదు. తిండిపోతు అల్మరాలో ఇన్ని సీసాలు సీలు చెదరకుండా ఉండవు. కాబట్టి ఆ ప్రశ్నను పక్కన పెట్టండి. అసలు ప్రశ్న వేరే ఉంది. తినడానికి కానప్పుడు మీరు దేనికోసం కొంటున్నారు?

జవాబు మీ ఉత్తరంలోనే ఉంది, మీరు గమనించలేదేమో. రెండో పేజీలో ఇలా రాశారు: "కౌంటర్ దగ్గర అబ్బాయికి నా పేరు తెలుసు. కొత్త నూనె వచ్చింది సార్, మీ కోసం ఒకటి పక్కన పెట్టాను అంటాడు. ఏ చీజ్‌కు ఏది నప్పుతుందో తోటి కొనుగోలుదారులు కూడా నన్ను అడుగుతారు." ఆ పేజీ మొత్తంలో మీరు సంతోషంగా రాసిన వాక్యాలు ఈ మూడే. ఆఫీసు గురించి ఒక్క మాటా లేదు. ఇంట్లో భోజనాల గురించి, "అందరం తలో సమయానికి తింటాం" అన్న ముక్క తప్ప మరేమీ లేదు. వంట మీద ఇంత ప్రేమ, ఇంత తెలివిడి ఉన్న మనిషికి ఆ రెండూ గుర్తించే చోటు ఊరంతటిలో అదొక్కటే అయినట్లుంది. ఆ గుర్తింపుకు మీరు వారానికి రెండుసార్లు రుసుము కడుతున్నారు. రుసుముకు రసీదుగా ఒక సీసా వస్తోంది.

గుర్తింపు తర్వాత మీరు కొంటున్న రెండోది ఒక సాయంత్రం. ట్రఫుల్ నూనె చేతిలోకి తీసుకున్నప్పుడు మీ కళ్లకు కనిపించేది నూనె కాదు. తీరికగా వండే ఒక రాత్రి, బల్ల చుట్టూ ముగ్గురూ కూర్చోవడం, "ఏం వేశావు ఇందులో?" అని ఎవరో అడగడం. సీసా కొనగానే ఆ రాత్రి సగం వచ్చేసినట్లు అనిపిస్తుంది. ఇంటికి తెచ్చాక మిగతా సగం రాదు, ఎందుకంటే మర్నాడు ఆఫీసు ఉంది, పాపకు పరీక్ష ఉంది. అప్పుడు ఆ సీసా అల్మరాలోకి వెళ్తుంది. తలుపు తీసినప్పుడల్లా మిమ్మల్ని నిలదీస్తుంది. ఆ బాధ పోవడానికి మళ్లీ దుకాణానికే వెళ్తారు. మూడో కుంకుమపువ్వు డబ్బా ఇంట్లోకి వచ్చిన దారి ఇదేనని నాకు అనిపిస్తోంది. ఇందులో నాకు దురాశ కనబడలేదు. కొనడంలోనే రుచి అంతా అయిపోతోంది, వండేసరికి ఏమీ మిగలడం లేదు.

అలాంటి దుకాణం కూడా ఖాళీగా కూర్చోదు, ఆ సంగతి మీరు తెలుసుకోవాలి. అమెరికాలో 1982లో ప్రచురించిన ఒక పరిశోధనలో, సూపర్‌మార్కెట్‌లో నెమ్మది సంగీతం వినిపించినప్పుడు జనం నెమ్మదిగా నడిచారు. హుషారైన సంగీతం ఉన్న రోజులతో పోలిస్తే అమ్మకాలు 38 శాతం ఎక్కువగా ఉన్నాయి. కాలిఫోర్నియాలో మీరు వెళ్లేలాంటి ఒక ఖరీదైన సరుకుల దుకాణంలోనే ఇంకో ప్రయోగం జరిగింది. దాని ఫలితాలు 2000లో వెలువడ్డాయి. రుచి చూసే బల్ల మీద 24 రకాల జాములు పెట్టినప్పుడు, అటుగా వచ్చినవారిలో 60 శాతం మంది ఆగారు, ఆగినవారిలో 3 శాతమే కొన్నారు. 6 రకాలే పెట్టినప్పుడు 40 శాతం ఆగారు, ఆగినవారిలో 30 శాతం కొన్నారు. తర్వాత ఇతరులు చేసిన ఇలాంటి ప్రయోగాలన్నీ ఒకే ఫలితం ఇవ్వలేదు గాని, మీ విషయానికి ఇది సరిగ్గా సరిపోతుంది. "పొడవాటి అరలు నన్నేమీ చేయవు, తలుపు పక్కన ఉండే ఆ చిన్న బల్లే నన్ను పట్టేస్తుంది" అని మీరే రాశారు. "మీ కోసం పక్కన పెట్టాను" అన్న మాట ఆ చిన్న బల్ల కన్నా చిన్నది. అక్కడ ఉన్నది ఒకే ఒక్క సీసా, దాని మీద మీ పేరు. కాదనడం కష్టమే. ఆ అబ్బాయి చెడ్డవాడని నేను అనడం లేదు, బహుశా మీరంటే అతనికి నిజంగానే ఇష్టం. కానీ అతని ఇష్టం, దుకాణం లాభం ఒకే సీసాలో ఉన్నాయి.

ఇప్పుడు పాప సంగతి. ఉత్తరమంతటిలో నన్ను కలవరపెట్టింది అదే. డబ్బు మళ్లీ సంపాదించవచ్చు, పైకప్పు ఒక వానాకాలం ఆలస్యంగా బాగుచేయించుకోవచ్చు. కానీ 11 ఏళ్ల పిల్ల ఆ రాత్రి రెండు సంగతులు నేర్చుకుంది. అమ్మకు తెలియకూడనివి నాన్న దగ్గర కొన్ని ఉన్నాయని ఒకటి, తను సాయం చేస్తే నాన్నకు దగ్గరవుతానని రెండోది. తను చేసింది ప్రేమతోనే. ఈ గుట్టు మోస్తున్నంత కాలం అమ్మ ఏదైనా అడిగితే నోరు విప్పే ముందు ఆ పిల్ల ఆలోచించుకోవాలి. కాబట్టి మీరు ఏ దారి ఎంచుకున్నా సరే, పాప మీద నుంచి ఆ బరువు దించడం మాత్రం వాయిదా వేయకండి. దానికి పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. "ఆ రోజు నేను చేసింది తప్పు, నీ చేత చేయించింది ఇంకా తప్పు. అమ్మకు నేనే చెబుతున్నాను. నువ్వు దాచాల్సింది ఏమీ లేదు" అంటే చాలు. ఈ మాట అన్నాక భార్యకు చెప్పకుండా ఉండలేరు, అది గుర్తుంచుకుని మొదలుపెట్టండి.

భార్యకు చెప్పడంలో మీ ముందు రెండు పద్ధతులున్నాయి. ముందు కార్డు బాకీ తీర్చేసి, "ఇలా జరిగింది, ఇప్పుడు సర్దుకుంది" అని తర్వాత చెప్పడం మొదటిది. మీకు ఇదే నచ్చుతుందని తెలుసు, తల దించుకోనక్కర్లేదు కదా. దీనికి కనీసం నాలుగైదు నెలలు పడుతుంది. ఆ నాలుగైదు నెలలూ మీరు దాస్తూనే ఉండాలి, పాప మోస్తూనే ఉండాలి. మధ్యలో బ్యాంకు నుంచి ఒక్క సందేశం ఆమె కంట పడితే, మీరు చెప్పబోయారన్న మాట ఎవరూ నమ్మరు. రెండోది, లెక్క కాగితం చేతిలో పెట్టుకుని ఇప్పుడే చెప్పడం. ఆమె కోప్పడవచ్చు. కొన్నాళ్లు మీ ప్రతి బిల్లూ అడగవచ్చు. బహుశా సరుకుల ఖర్చు కన్నా ఆ చీటీలు గీకడమే ఆమెకు ఎక్కువ బాధ కలిగిస్తుంది, అందుకు సిద్ధపడి వెళ్లండి. అయితే పైకప్పు డబ్బు ఆమెది కూడా. అది ఎలా పూడ్చాలో నిర్ణయించడంలో ఆమెకు పాలు ఉండాలి. నేను రెండో పద్ధతి వైపే మొగ్గుతాను. మీ ఇంటి వాతావరణం మీకే తెలుసు కనుక, ఎప్పుడు, ఎలా అన్నది మీకే వదిలేస్తున్నాను.

కార్డు గురించి ఒక్క మాట. చాలా కార్డులలో పాత బాకీ పూర్తిగా కట్టకపోతే, కొత్తగా కొన్నవాటికి ఉండే వడ్డీ లేని గడువు కూడా పోతుంది. అంటే నిన్న మీరు కొన్న చీజ్ మీద వడ్డీ నిన్నటి నుంచే నడుస్తుంది. కనీస మొత్తం కడుతుంటే ఆలస్య రుసుము తప్పుతుంది, అసలు మాత్రం పెద్దగా తగ్గదు. బాకీ తీరేవరకు ఆ కార్డుతో ఏమీ కొనకుండా ఉంటేనే మీరు కట్టిన డబ్బు పాత అప్పులోకి వెళ్తుంది. ఇందులో నాకు వేరే దారి కనబడలేదు.

ఇక దుకాణం. మానేయాలా అని అడిగారు. మానేయవచ్చు. మూడు నెలలు ఇంటికి వేరే దారిలో రండి. ఇందులో మేలు ఏమిటంటే, ప్రతిసారీ మనసుతో పోరాడే పని ఉండదు. తలుపు దాటాక నిగ్రహించుకోవడం కన్నా తలుపు దగ్గరికే వెళ్లకపోవడం ఎవరికైనా తేలిక. నష్టం కూడా ఉంది. మీకు వంట అంటే ప్రాణం, ఆ ప్రాణానికి ఊపిరి అక్కడే అందుతోంది. పూర్తిగా మూసేస్తే, గడువు తీరిన రోజున ఉపవాసం విడిచినట్లు ఆ దుకాణం మీద పడే ప్రమాదం ఉంది. ఆ మూడు నెలల్లో ఆ ప్రేమకు ఇంట్లో చోటు దొరికితేనే ఈ దారి పనిచేస్తుంది.

అలా కాకుండా, వెళ్తూనే హద్దు పెట్టుకోవచ్చు. ఇద్దరూ కూర్చుని నెలకు ఒక మొత్తం అనుకోండి. దాన్ని నోట్లుగా కవరులో పెట్టుకుని వెళ్లండి, కార్డులు ఇంట్లో వదిలేయండి, ఫోను ద్వారా చెల్లించే ఏర్పాటు కూడా ఆ పూటకు పక్కన పెట్టండి. దుకాణంలోకి వెళ్లే ముందే ఏ రోజు ఏ వంట చేస్తారో ఒక కాగితం మీద రాసుకోండి. ఆ వంటకు కావలసినదే కొనాలి. "ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుంది" అనిపించిన వస్తువు ఆ కాగితం మీద లేనట్లే. కడుపు నిండా తిని వెళ్లండి, ట్రాలీ తీసుకోకుండా చేతిబుట్టతో తిరగండి. ఈ పద్ధతిలో మీ సంతోషం మిగులుతుంది, కానీ మీ మీద మీకు కొంచెం నమ్మకం కావాలి. మొదటి రెండు నెలల్లో కవరు దాటితే, ఇది మీకు సరిపడలేదని ఒప్పుకుని మొదటి దారికి మారండి. అందులో సిగ్గుపడాల్సింది లేదు.

ఆ కౌంటర్ అబ్బాయితో ఏమనాలి? నిజమే చెప్పండి. "ఇంట్లో ఉన్నవి అయ్యేదాకా కొత్తవి కొనడం లేదు, నా కోసం ఏమీ పక్కన పెట్టకు" అనండి. గౌరవం ఇచ్చేవాడైతే అది విని కూడా ఇస్తాడు.

ఏ దారిలో వెళ్లినా ఆ 19 సీసాలు తినాలి. దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను. మీరు అల్మరాలో పెట్టినవాటిలో కొన్ని రోజురోజుకీ తమ విలువ పోగొట్టుకుంటున్నాయి. "మంచి రోజు కోసం దాచాను" అని రాశారు. ఆలివ్ నూనె దాచితే పెరిగే వస్తువు కాదు. ద్రాక్ష సారాయిలా వయసుతో అది మెరుగుపడదు. కాయలు కోసిన నాటి నుంచి ఏడాదిన్నర, రెండేళ్లలోపు వాడేయాలి, మూత తీశాక రెండు మూడు నెలలే. వెలుతురు, వేడి, గాలి మూడూ దానికి శత్రువులు. అక్రోటు నూనె ఇంకా సున్నితం, త్వరగా పాడై ముక్కిన వాసన వస్తుంది. ముందు దాని మూత తీయండి, తీశాక ఫ్రిజ్‌లో పెట్టండి. ఉప్పులకు తొందర లేదు, అవి పాడుకావు. పైగా ఆ నాలుగు రకాల్లోనూ దాదాపు అంతా ఉన్నది ఒకే ఉప్పు. తేడా పలుకు పరిమాణంలోనూ, నాలుక మీద కరిగే తీరులోనూ ఉంటుంది. కూరలో వేసి మరిగిస్తే ఆ తేడా మాయమవుతుంది, వడ్డించేటప్పుడు పైన చల్లితేనే తెలుస్తుంది. లేబుల్ మీద ఫలానా తేదీలోపు వాడితే మేలు అని ఉంటే అది రుచికి పెట్టిన గడువు. ఆ తేదీ దాటిన మర్నాడే వెనిగర్ సీసా పారేయకండి, వాసన చూసి రుచి చూడండి. పాలు, మాంసం లాంటి త్వరగా చెడేవాటి మీద వేసే వాడకపు గడువు వేరు, దాన్ని దాటకూడదు.

కొన్నిటికి ఆ ధర ఎందుకో తెలిస్తే కొనడం తగ్గుతుంది, కొన్నిటిని ప్రేమగా వాడాలనిపిస్తుంది. ట్రఫుల్ నూనెల్లో చాలావాటికి ఆ వాసన నేలలో దొరికే పుట్టగొడుగు నుంచి రాదు. ప్రయోగశాలలో తయారుచేసిన ఒక సుగంధ పదార్థాన్ని మామూలు నూనెలో కలుపుతారు. లేబుల్ వెనక పదార్థాల వరుసలో ఫ్లేవర్ అన్న మాట ఉందేమో చూడండి. ఉంటే ఆ సీసా అయిపోయాక మళ్లీ కొనడానికి కారణం లేదు. బాల్సమిక్ వెనిగర్ల మీద మోదెనా అన్న ఇటలీ ఊరి పేరు రెండిటికీ ఉండవచ్చు. సంప్రదాయ పద్ధతిలో చేసినది ఉడికించిన ద్రాక్ష రసం ఒక్కదానితోనే తయారై కనీసం 12 ఏళ్లు చెక్కపీపాల్లో ఉంటుంది. మామూలు రకంలో ద్రాక్ష సారాయి వెనిగర్ కలుస్తుంది, దానికి 60 రోజులు చాలు. రెండోది సలాడ్‌లో ధారాళంగా వాడుకోవలసినది, దాచుకోవలసినది కాదు. కుంకుమపువ్వు ధర మాత్రం నిజమైనదే. ఒక్కో పువ్వులో మూడే కీలాగ్రాలు, అంటే మనం వాడే ఎర్రటి పోగులు, ఉంటాయి, వాటిని చేత్తో తుంచాలి, ఒక గ్రాముకు దాదాపు 150 పువ్వులు కావాలి. మీ మూడు డబ్బాల వెనక ఎన్ని చేతులున్నాయో ఆలోచించండి. చీకట్లో, గాలి చొరకుండా ఉంచినా ఏళ్ల తరబడి దాని పరిమళం నిలవదు. ఆ చేతులకు మనం ఇచ్చే గౌరవం దాన్ని తినడమే.

ఇది నేను ఊరికే చెప్పడం లేదు. నా దగ్గర ఒక వెనీలా కాయ ఉండేది, ఒక స్నేహితురాలు ఇచ్చింది. ఆ పువ్వు ఒక్క రోజే విచ్చుకుంటుందని, ఆ పూటే చేత్తో పరాగం అద్దకపోతే కాయ రాదని చదివి, దాన్ని ఏదో గొప్ప సందర్భానికని అట్టే ఉంచాను. ఒక రోజు తీసి చూస్తే ఎండు పుల్లలా ఉంది, వంచితే విరిగింది. స్నేహితురాలు ఆ ఏడాదే దూరదేశం వెళ్లిపోయింది. ఇచ్చిన రోజునే ఆమెకు ఒక కప్పు పాయసం చేసి పెట్టి ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనుకుంటాను.

అందుకే మీకు ఒక సూచన, వీలుంటేనే. వారంలో ఒక రాత్రి ముగ్గురూ ఒకే సమయానికి తినేలా చూసుకోండి. ఆ రాత్రి అల్మరాలోంచి ఒక సీసా తీయాలి, ఏది తీయాలో పాప ఎంచుతుంది. 19 వారాలు పడుతుంది. మీకు తెలిసినదంతా ఆ బల్ల దగ్గర చెప్పండి. దుకాణంలో ముక్కూ మొహం తెలియని వాళ్లు మీ మాట శ్రద్ధగా విన్నారు, ఇంట్లో ఇద్దరూ వినరని మీరు ముందే తీర్మానించుకున్నారేమో. మీ భార్య కోపం తగ్గడానికి నాలుగైదు వారాలు పట్టవచ్చు, అప్పటిదాకా ఆమె మౌనంగా తిని లేచిపోయినా వంట ఆపకండి.

ఒకవేళ ఇంట్లో చెప్పాక కూడా, కవరు పద్ధతి పెట్టుకున్నాక కూడా, మీకు తెలియకుండానే కారు అటే తిరుగుతుంటే, కొన్న వెంటనే ఊరట, గంటలో దిగులు వస్తుంటే, సరుకులు కాకపోతే ఇంకేదో కొంటుంటే, మానసిక వైద్యుణ్ణి గాని కౌన్సెలర్‌ను గాని కలవండి. కొనకుండా ఉండలేకపోవడం వాళ్లకు బాగా తెలిసిన ఇబ్బంది, దానికి చికిత్స ఉంది. మీ ఉత్తరం చూస్తే అంతదాకా వచ్చిందని అనిపించలేదు, కానీ మీ లోపలి సంగతి నా కన్నా మీకే ఎక్కువ తెలుసు.

మొదటి రాత్రికి పాప కుంకుమపువ్వు ఎంచితే, పది పన్నెండు పోగులు గోరువెచ్చని పాలలో ఇరవై నిమిషాలు నానబెట్టండి. రంగు దిగడం పాపను దగ్గరుండి చూడనివ్వండి. డబ్బా మూత మీద మీరు గీకిన చీటీ జిగురు ఇంకా మిగిలే ఉంటుంది. తుడవకుండా అలాగే బల్ల మీద పెట్టండి.